మీట: ల్యాబ్‌వ్యూ డీబగ్గింగ్ సెట్టింగులకు ఒక షార్ట్‌కట్ (ప్రాజెక్టు డైరీ)

శనివారం

ల్యాబ్‌వ్యూ అంటే బొమ్మలను వైర్లతో కలుపుతూ ప్రోగ్రాములు రాసే సాధనం. అందులో ఒక్కో ప్రోగ్రాము ముక్కను వీఐ అంటారు, ఒక వీఐ పిలిచే ఇంకో వీఐ సబ్‌వీఐ, వైర్లు గీసే చోటు డయాగ్రమ్. ఒక వీఐకి డీబగ్గింగ్ (తప్పులు వెతకడం) అనుమతి తీసేయాలన్నా, తిరిగి ఇవ్వాలన్నా చేత్తో చేసే పని ఇదీ: కంట్రోల్, ఐ నొక్కి వీఐ ప్రాపర్టీస్ తెరవాలి, కేటగిరీల్లోంచి ఎగ్జిక్యూషన్ ఎంచుకోవాలి, 'అలౌ డీబగ్గింగ్' చెక్‌బాక్స్ మార్చాలి, ఓకే నొక్కాలి. ఒక్క వీఐకైతే పట్టించుకునేంత కష్టం కాదు. కానీ పెద్ద ప్రోగ్రాములో ఒక తప్పుడు విలువ ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పైనుంచి కిందికి దిగుతున్నప్పుడు, దారిలో నాలుగైదు వీఐలకు డీబగ్గింగ్ ఆపేసి ఉంటే ఇదే పని ప్రాణం తీస్తుంది. వైరు మీది విలువను చూపే ప్రోబ్ పెట్టబోతే కుదరదు. నడకను ఆపే గుర్తు, అంటే బ్రేక్‌పాయింట్ పెట్టినా అక్కడ ఆగదు. బల్బు గుర్తు నొక్కి వైర్ల మీద డేటా కదలికను చూద్దామంటే అదీ పనిచేయదు.

మరి ఎందుకు ఆపేస్తారు? డీబగ్గింగ్ అనుమతి ఉన్న వీఐలో, మధ్యలో ఆగడానికీ విలువలు చూపించడానికీ వీలుగా కంపైలర్ (డయాగ్రమ్‌ను యంత్రపు కోడ్‌గా మార్చేది) అదనపు కోడ్ చేరుస్తుంది, వేగం పెంచే కొన్ని ఆప్టిమైజేషన్లను వదులుకుంటుంది. పెద్ద వీఐలో ఆ భారం తెలియదు. రెండు మూడు నోడ్లున్న చిన్న వీఐని బిగుతైన లూపులో లక్షలసార్లు పిలిస్తే మాత్రం తెలుస్తుంది. అందుకే మా డేటా సేకరణ ప్రోగ్రాములో స్కేలింగ్, ఫిల్టరింగ్ చేసే చిన్న వీఐలకు డీబగ్గింగ్ తీసేసి ఉంచాం. అది సరైన పనే. ఇబ్బందల్లా వాటిని తాత్కాలికంగా తెరిచి, పని అయ్యాక మళ్లీ యథాస్థితికి తేవడంలో ఉంది.

ఈ వారాంతం దీనికో పనిముట్టు మొదలుపెట్టాను. పేరు 'మీట'. ఒక షార్ట్‌కట్ నొక్కగానే ముందున్న వీఐకీ, అది పిలిచే వీఐలకూ డీబగ్గింగ్ ఆన్ కావాలి. ఇంకోసారి నొక్కితే పాత స్థితికి రావాలి. ఆ రెండో వాక్యమే అసలు ప్రాజెక్టు. మొదటి వాక్యం ఒక ప్రాపర్టీ నోడ్‌తో (సెట్టింగును కోడ్‌లోంచే మార్చే పెట్టె) అయిపోతుంది.

ఆదివారం

మీటను ఎక్కడ తగిలించాలన్నది ముందు తేల్చుకోవాలి. మూడు దారులున్నాయి.

ల్యాబ్‌వ్యూ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డరులోని 'ప్రాజెక్ట్' అనే సబ్‌ఫోల్డరులో ఒక వీఐని పడేస్తే అది టూల్స్ మెనూలో కనిపిస్తుంది. ఇది పాత పద్ధతి, నమ్మకమైనది, కానీ ప్రతిసారీ మౌస్ పట్టుకుని మెనూలోకి వెళ్లాలి. ల్యాబ్‌వ్యూ 2015 నుంచి కుడి క్లిక్ మెనూలోకి సొంత ప్లగిన్‌లు చేర్చే వీలుంది. అది డయాగ్రమ్‌లో ఎంచుకున్న వస్తువు మీద చేసే పనులకు బాగుంటుంది. మొత్తం వీఐ మీద చేసే పనిని అక్కడ దాచడం నాకు నచ్చలేదు. మూడోది క్విక్ డ్రాప్: కంట్రోల్, స్పేస్ నొక్కితే వచ్చే వెతుకులాట పెట్టె. ఇది 8.6తో వచ్చింది. దానికి సొంత కీబోర్డ్ షార్ట్‌కట్‌లు చేర్చే సదుపాయం 2009 వెర్షన్ నుంచి ఉంది. డయాగ్రమ్ ముందు కూర్చున్నవాళ్ల చెయ్యి ఎలాగూ దాని మీదే ఉంటుంది కాబట్టి దీన్నే ఎంచుకున్నాను.

క్విక్ డ్రాప్ ప్లగిన్ రాయడం తేలికే. ల్యాబ్‌వ్యూతో పాటు ఒక టెంప్లేట్ వీఐ వస్తుంది. దాన్ని కాపీ చేసి, మన పనిని అందులో పెట్టి, ప్లగిన్‌ల ఫోల్డరులో ఉంచితే చాలు. షార్ట్‌కట్ నొక్కిన క్షణంలో ముందున్న వీఐ రిఫరెన్స్ (దాన్ని పట్టుకునే పిడి), షిఫ్ట్ కూడా నొక్కారా లేదా, పెట్టెలో ఏం టైప్ చేశారు అన్న మూడూ చేతికొస్తాయి. ఆ మూడోదాన్ని చూడగానే ఉపాయం తట్టింది. పెట్టెలో 2 అని టైప్ చేసి షార్ట్‌కట్ నొక్కితే రెండు మెట్ల లోతు వరకు డీబగ్గింగ్ ఆన్ కావాలి. ఏమీ టైప్ చేయకపోతే ఆ ఒక్క వీఐకే. షిఫ్ట్‌తో నొక్కితే వెనక్కి. ఇలా డైలాగ్ బాక్స్ అవసరమే లేకుండా పోయింది. ఒక డైలాగ్ బాక్సు బాధ తప్పించడానికి ఇంకో డైలాగ్ బాక్సు తయారుచేసే పనిముట్లను ఇదివరకు చాలా చూశాను.

ఇదే ఆలోచన మీద పనిచేసేవారు ఉంటే ఒక మాట. ల్యాబ్‌వ్యూలో అప్లికేషన్ ఇన్‌స్టెన్స్‌లు అని వేర్వేరు గదులు ఉంటాయి. ప్లగిన్ నడిచే గది, మన ప్రాజెక్టు ఉన్న గది ఒకటి కాకపోవచ్చు. 'మెమరీలో ఉన్న అన్ని వీఐలు' అని ప్లగిన్ తన గదిలోనే అడిగితే మన వీఐలు ఆ జాబితాలో రావు. చేతికొచ్చిన వీఐ రిఫరెన్స్‌ను పట్టుకుని, దాని సొంత అప్లికేషన్ ఎవరో అడిగి, అక్కడినుంచి జాబితా తీసుకోవాలి.

సోమవారం రాత్రి

తొలి రూపం నడిచింది. లోతు 1 ఇచ్చి నొక్కితే ముందున్న వీఐ, అది పిలిచేవి అన్నీ తెరుచుకున్నాయి. అయితే 'అన్నీ' అనడానికి వీల్లేదు. డీబగ్గింగ్ మార్చడానికి కుదరని వీఐల రకాలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.

ఒకటి, ఇన్‌లైన్ చేసినవి. ల్యాబ్‌వ్యూ 2010 నుంచి ఒక సబ్‌వీఐ కోడ్‌ను దాన్ని పిలిచే వీఐలోకే కలిపేయమని చెప్పవచ్చు. అలా కలిపేశాక ఆగి చూడటానికి విడిగా సబ్‌వీఐ అంటూ ఉండదు, అందుకే ఇన్‌లైన్‌కూ డీబగ్గింగ్‌కూ పొత్తు కుదరదు. 2017లో వచ్చిన మాలియబుల్ వీఐలదీ ఇదే సంగతి, అవి ఇన్‌లైన్ కాకుండా ఉండలేవు. రెండు, ప్రయారిటీని సబ్‌రొటీన్‌గా (అన్నిటికన్నా పై ప్రాధాన్యం) పెట్టినవి. మూడు, పాస్‌వర్డ్‌తో మూసినవి. నాలుగు, ల్యాబ్‌వ్యూతో వచ్చే లైబ్రరీ వీఐలు. వాటిని మార్చడం సాధ్యమైన చోట కూడా మార్చకూడదని నా నియమం, ఎందుకంటే అవి ఈ ఒక్క ప్రాజెక్టువి కావు.

మామూలు ఇన్‌లైన్ వీఐల విషయంలో కాసేపు తటపటాయించాను. ఇన్‌లైన్ తీసేసి, డీబగ్గింగ్ పెట్టి, తర్వాత రెండింటినీ వెనక్కి తిప్పవచ్చు. కానీ ఇన్‌లైన్ తీయగానే దాని కోడ్‌ను తమలో కలుపుకున్న వీఐలన్నీ మళ్లీ కంపైల్ అవుతాయి. ఒక చిన్న గణితపు వీఐని ప్రాజెక్టు అంతా వాడుతుంటే ఒక్క నొక్కుతో ప్రాజెక్టు అంతా కదులుతుంది. మీట అలా చేయకూడదు. వాటిని ముట్టుకోకుండా, 'వదిలేసినవి' అనే జాబితాలో కారణంతో సహా చూపిస్తే చాలు. చేయలేని పనిని చెప్పకుండా దాటేసే పనిముట్టు కన్నా అసలు పనిముట్టు లేకపోవడమే నయం, ఎందుకంటే అప్పుడు అన్నీ తెరుచుకున్నాయన్న భ్రమ ఉండదు.

మంగళవారం

నడుస్తున్న ప్రోగ్రాము మీద మీట నొక్కి చూశాను. అనుకున్నట్టే ఎర్రర్. ఈ ప్రాపర్టీని వీఐ ఎడిట్ మోడ్‌లో ఉన్నప్పుడే రాయగలం. పై వీఐ నడుస్తుంటే అది పిలిచే సబ్‌వీఐలన్నీ, తమ వంతు ఇంకా రాకపోయినా, నడవడానికి రిజర్వ్ అయి ఉంటాయి. వాటినీ మార్చలేం. ఇందులో న్యాయం ఉంది: డీబగ్గింగ్ మారిస్తే కోడ్ మళ్లీ కంపైల్ కావాలి, నడుస్తున్న కోడ్‌ను కాళ్ల కింద నుంచి లాగేయలేం.

రీఎంట్రెంట్ వీఐల (ఒకేసారి పలుచోట్ల నడవగలిగేవి) క్లోన్లు, అంటే నడిచే నకళ్లు, ఇంకో చిక్కు. నడుస్తున్నప్పుడు క్లోన్ డయాగ్రమ్ తెరిచి ఉంటే, ముందున్న వీఐ అంటే ఆ క్లోనే. దాని పేరు చివర కోలన్, ఒక అంకె ఉంటాయి. సెట్టింగు మాత్రం మూల వీఐది. కాబట్టి మీట ముందుగా పేరులోని ఆ తోకను తీసేసి మూల వీఐ రిఫరెన్స్ తెరుస్తుంది. ఆపైన దాని ఎగ్జిక్యూషన్ స్టేట్ అడుగుతుంది. ఖాళీగా ఉంటే మారుస్తుంది. నడుస్తుంటే 'ప్రోగ్రాము ఆపి మళ్లీ నొక్కండి' అని ఒక్క వరుసలో చెప్పి తప్పుకుంటుంది.

తనంతట తానే ప్రోగ్రామును ఆపి, సెట్టింగు మార్చి, మళ్లీ నడిపితే ఇంకా సులువు కదా అనిపించవచ్చు. మా ప్రోగ్రాము వెనక నిజమైన పరికరాలున్నాయి. అబార్ట్ కొడితే తెరిచిన పోర్టులు మూయకుండా, అవుట్‌పుట్‌లు సున్నాకు తేకుండా ఆగిపోతుంది. ఒక చెక్‌బాక్స్ కోసం అంత సాహసం అక్కర్లేదు.

బుధవారం

ఈ వారంలో బరువైన పని ఇవాళ్టిదే: వెనక్కి తిరిగే దారి.

సాధారణ టోగుల్ అంటే ఆన్‌ను ఆఫ్, ఆఫ్‌ను ఆన్ చేయడం. ఒక్క వీఐకి అది సరిపోతుంది. పదిహేను వీఐల గుంపులో పది ముందే ఆన్‌లో ఉండి, ఐదు ఆఫ్‌లో ఉంటే? మొదటి నొక్కుతో అన్నీ ఆన్ అవుతాయి. రెండో నొక్కుతో అన్నీ ఆఫ్ చేస్తే, ఎప్పుడూ ఆన్‌లో ఉండవలసిన పది కూడా మూసుకుపోతాయి. అందుకే మీట దేనినైనా తాకే ముందు దాని అప్పటి స్థితిని రాసి పెట్టుకోవాలి, వెనక్కి వచ్చేటప్పుడు ఆ రాతనే అనుసరించాలి.

ఎక్కడ రాసుకోవాలి? వీఐలోనే ట్యాగ్‌గా దాచవచ్చు. కానీ అది ఆ ఫైలుతో పాటు అందరి దగ్గరికీ వెళ్తుంది, తాత్కాలికమైన సంగతి శాశ్వతంగా అతుక్కుంటుంది. ప్రాజెక్టు ఫైలు పక్కన చిన్న జేసన్ ఫైలుగా (డేటాను టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) రాయడానికి మొగ్గాను. క్లస్టర్ల (వేర్వేరు విలువల మూటల) వరుసను జేసన్‌గా మార్చే ఫంక్షన్ 2013 వెర్షన్ నుంచి ల్యాబ్‌వ్యూలోనే ఉంది, బయటి లైబ్రరీ అవసరం లేదు. మామూలు ఎడిటర్‌లో తెరిచి కళ్లతో చదవవచ్చు, కావాలంటే చేత్తో దిద్దవచ్చు. దీన్ని సోర్స్ కంట్రోల్‌లోకి (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే వ్యవస్థ) ఎక్కించకుండా విస్మరించే జాబితాలో చేర్చాను.

ఒక్కో నమోదులో వీఐ పాత్ (డిస్కు మీద ఫైలున్న చోటు), పాత స్థితి ఉంటాయి. పేరు బదులు పాత్ ఎందుకంటే, రెండు లైబ్రరీల్లో ఒకే పేరుతో రెండు వీఐలు ఉండవచ్చు. ప్రాజెక్టు ఫోల్డరు నుంచి సాపేక్ష పాత్ మాత్రమే రాస్తున్నాను, అప్పుడు ఫోల్డరును వేరే చోటికి మార్చినా రాత చెల్లుతుంది.

ఇక నియమం ఒకటి. ఒక వీఐ ఇప్పటికే ఫైల్లో ఉంటే దాని నమోదును మళ్లీ రాయకూడదు. లోతు 1తో ఒకసారి, తర్వాత లోతు 3తో ఇంకోసారి నొక్కితే, రెండోసారికి మొదటి గుంపు ఎలాగూ ఆన్‌లోనే ఉంటుంది. దాన్ని పాత స్థితిగా రాసేస్తే అసలు స్థితి చెరిగిపోతుంది. తొలి రాతే చెల్లుతుంది, వెనక్కి వచ్చాకే అది తుడిచిపెట్టుకుపోతుంది. ల్యాబ్‌వ్యూ మధ్యలో మూసుకుపోయినా ఫైలు డిస్కు మీదే ఉంటుంది కాబట్టి, మర్నాడు షిఫ్ట్‌తో నొక్కినా దారి దొరుకుతుంది.

సేవ్ చేయడం గురించి కూడా తేల్చుకున్నాను. ఈ సెట్టింగు వీఐ ఫైల్లోనే ఉంటుంది. మార్చగానే టైటిల్ పక్కన నక్షత్రం గుర్తు వస్తుంది. మీట తనంతట తాను సేవ్ చేయదు. అదే వీఐలో మనం నిజంగా దిద్దుతున్న సగం పని ఉండవచ్చు, దాన్ని మన అనుమతి లేకుండా డిస్కుకు ఎక్కించే హక్కు మీటకు లేదు. దీనివల్ల మూసేటప్పుడు సేవ్ చేయాలా అన్న ప్రశ్న ఎక్కువ వీఐలకు వస్తుంది. రానివ్వండి. వీఐ ఫైళ్లు బైనరీ, మామూలు టెక్స్ట్ డిఫ్‌లో (రెండు రూపాల తేడా చూపేది) ఏం మారిందో కనిపించదు. చెక్‌బాక్స్ ఒక్కటే మారిన ఫైలు, లాజిక్ మారిన ఫైలు కమిట్ (మార్పులను సోర్స్ కంట్రోల్‌లో చేర్చడం) జాబితాలో ఒకేలా కనిపిస్తాయి. వాటిని పోల్చి చూడాల్సినవాళ్ల తల ప్రాణం తోకకొస్తుంది.

గురువారం

వాడి చూడమని మా టీమ్‌లో ఒకరికి ఇచ్చాను. కాసేపటికి వచ్చి, "బాగానే ఉందండీ, కానీ ఇప్పుడు మీట వేసి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నారు.

న్యాయమైన ప్రశ్న. కంటికి కనిపించని స్థితిని మార్చే షార్ట్‌కట్ వల్ల తికమక ఎక్కువే. నిజానికి ల్యాబ్‌వ్యూలో డీబగ్గింగ్‌కు చెందిన సంగతులు తలా ఒక చోట ఉన్నాయి. బల్బు, దాని పక్కనే వైర్ల విలువలను నిలిపి ఉంచే బటన్ డయాగ్రమ్ టూల్‌బార్ మీద కళ్లెదుటే ఉంటాయి. బ్రేక్‌పాయింట్లు వీఐతో పాటే సేవ్ అవుతాయి, వాటన్నిటినీ ఒకచోట చూపే మేనేజర్ విండో ఉంది. ప్రోబ్‌ల విలువలకూ ఒక విండో ఉంది. డీబగ్గింగ్ అనుమతి ఒక్కటే, తక్కినవన్నీ దాని మీద ఆధారపడుతున్నా, డైలాగ్ బాక్స్ లోపల దాగి ఉంది.

చిన్న తేలే విండో ఒకటి చేశాను. మీట వేసి ఉన్న వీఐలు, వాటి పాత స్థితి, వదిలేసినవి, వాటి కారణం, అంతే. వరుస మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఆ వీఐ డయాగ్రమ్ తెరుచుకుంటుంది. సెకనుకోసారి అన్ని వీఐలనూ అడిగి తాజా చేద్దామన్న ఆలోచనను వదిలేశాను. వందల వీఐల రిఫరెన్స్‌లు తెరుస్తూ మూస్తూ ఉంటే ఎడిటర్ బరువెక్కుతుంది. మీట నొక్కినప్పుడు, విండో ముందుకు వచ్చినప్పుడు తాజా చేస్తే చాలు. జేసన్ ఫైల్లో ఒక్క నమోదు ఉన్నా విండో పై పట్టీ నారింజ రంగులో ఉంటుంది, ఖాళీ అయితే బూడిద రంగు. ఎవరైనా ప్రాపర్టీస్‌లోకి వెళ్లి చేత్తో మార్చి ఉంటే ఆ వరుస ఇటాలిక్‌లో వస్తుంది, వెనక్కి వెళ్లేటప్పుడు దాన్ని ఏం చేయాలో అడుగుతుంది. ఈ మొత్తం పనిముట్టులో నేను అనుమతించిన ప్రశ్న అదొక్కటే.

బల్బును కూడా ఇదే మీటకు కట్టమని అడిగారు. చేయలేదు. బల్బు వేస్తే నడక విపరీతంగా మందగిస్తుంది. రెండు సమాంతర లూపుల మధ్య పోటీ వల్ల వచ్చే తప్పులు ఆ మందగమనంలో మాయమైపోతాయి, బాగుపడిందని పొరబడతాం. అనుమతి ఇవ్వడం వేరు, నడకను మార్చడం వేరు. నిజానికి అనుమతి ఇచ్చినా కోడ్ కాస్త మారుతుంది, కానీ బల్బుతో పోలిస్తే అది ఏపాటి!

శుక్రవారం

లోతు లెక్కలో ఒక ఖాళీ ఉంది. ఒక వీఐ పిలిచేవి ఏవి అని అడిగితే ల్యాబ్‌వ్యూ డయాగ్రమ్ మీద ఉన్నవాటినే చెబుతుంది. క్లాసులు (డేటానూ దాని మీద పనిచేసే మెథడ్‌లనూ కలిపిన మూటలు) వాడిన చోట, అంటే డైనమిక్ డిస్పాచ్ ఉన్న చోట, డయాగ్రమ్ మీద ఉండేది పేరెంట్ క్లాసు మెథడ్. నడిచేటప్పుడు ఏ చైల్డ్ క్లాసు మెథడ్ వస్తుందో వైర్ మీద వచ్చే ఆబ్జెక్టును బట్టి ఉంటుంది. మా ప్రోగ్రాములో ఒక్కో పరికరానికి ఒక్కో చైల్డ్ క్లాసు ఉంది. అసలు పని చైల్డ్‌లో జరుగుతుంటే, మీట పేరెంట్‌ను తెరిచి చేతులు దులుపుకుంటోంది.

దారి దొరికింది. పేరెంట్ మెథడ్ స్థానంలో నడిచే, అంటే దాన్ని ఓవర్‌రైడ్ చేసే వీఐకి ఆ మెథడ్ పేరే ఉండి తీరాలి. మెమరీలో ఉన్న వీఐల పూర్తి పేర్లలో చివరి కోలన్ తర్వాతి భాగం ఈ పేరుతో సరిపోయిన వాటన్నిటినీ జాబితాలోకి తీసుకుంటున్నాను. దీనివల్ల సంబంధం లేని వేరే క్లాసులో అదే పేరున్న మెథడ్ కూడా తెరుచుకోవచ్చు. వారసత్వాన్ని వెతికి వడకట్టవచ్చు, కానీ ఆ కోడ్ ఇప్పుడున్న మీట అంత అవుతుంది. వెనక్కి తిరిగే దారి గట్టిగా ఉంది కాబట్టి, నాలుగు ఎక్కువ తెరుచుకున్నా నష్టం లేదు. తక్కువ తెరుచుకుంటేనే మనిషి దారి తప్పుతాడు.

పాత్ ఇచ్చి నడిచేటప్పుడు పిలిచే వీఐలు ఈ పద్ధతికి అందవు. వాటిని తెరిచి, వాటి మీద నిలబడి మీట నొక్కుకోవాలి.

శనివారం మళ్లీ

కమిట్‌కు ముందు నడిచే ఒక చిన్న తనిఖీ చేర్చాను. జేసన్ ఫైల్లో నమోదులు మిగిలి ఉంటే కమిట్‌ను ఆపి, ఆ వీఐల పాత్‌లు చూపిస్తుంది. ల్యాబ్‌వ్యూ తెరవాల్సిన పనే లేదు, ఫైలు చదివితే చాలు, అందుకే రెప్పపాటులో అయిపోతుంది. జేసన్‌ను ఎంచుకున్నందుకు దక్కిన అదనపు లాభం ఇది.

ఎగ్జిక్యూటబుల్ బిల్డ్ జోలికి మీట వెళ్లదు. బిల్డ్ స్పెసిఫికేషన్‌లోని అడ్వాన్స్‌డ్ పేజీలో డీబగ్గింగ్‌కు విడిగా చెక్‌బాక్స్ ఉంది, ప్రోగ్రాము మొదలవగానే డీబగ్గర్ కోసం ఆగి ఉండాలా అన్నది దాని పక్కనే ఉంది. బిల్డ్ చేసేవారు తెలిసి చేయాల్సిన పని అది, దానికి షార్ట్‌కట్ అనవసరం. మేం రాసే లాగ్ సందేశాలనూ దీంతో కలపలేదు. అవి కండిషనల్ డిజేబుల్ స్ట్రక్చర్‌లో (షరతును బట్టి కోడ్‌ను ఉంచే లేదా తీసేసే చట్రం) ఉన్నాయి, ప్రాజెక్టు స్థాయి సింబల్‌తో నడుస్తాయి. సింబల్ మారిస్తే దాన్ని వాడే వీఐలన్నీ మళ్లీ కంపైల్ అవుతాయి.

తర్వాత చేయాల్సినవి రెండు. రియల్‌టైమ్ టార్గెట్ (కచ్చితమైన సమయంతో నడిచే విడి కంట్రోలర్) మీద ఉన్న వీఐల మీద మీట నొక్కితే, వాటిని మళ్లీ డిప్లాయ్ చేయాలని, అంటే అందులోకి ఎక్కించాలని విండోలో గుర్తు చేయాలి, ఇప్పుడు చేయడం లేదు. ఇక పెట్టెలో అంకె బదులు వీఐ పేరులోని భాగం టైప్ చేస్తే, ముందున్న వీఐ నుంచి ఆ పేరున్న వీఐ వరకు ఉన్న గొలుసును మాత్రమే తెరిచేలా చేయాలని ఉంది. దానికి పిలుపుల చెట్టును కింది నుంచి పైకి నడవాలి. పిలిచేవాళ్ల పేర్లిచ్చే ప్రాపర్టీ ఉంది, కానీ అది మెమరీలో ఉన్నవాళ్లనే చెబుతుంది. రేపు దాంతో మొదలుపెడతాను.